సమ్మా ఆజీవ: పెద్ద కంపెనీలో ఉద్యోగం మంచిదా, కాదా?



మిత్రులారా, ఈ పాఠం మా విహారం మెట్ల మీద జరిగిన ఒక గొడవలోంచి పుట్టింది. ఆదివారం వందన అయిపోయింది, అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. పల్నాడు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తండ్రి తన కొడుకును తీసుకుని నా దగ్గరికి వచ్చాడు. కుర్రాడు బీటెక్ అయ్యి రెండేళ్లు. ఒక పెద్ద కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. తండ్రికి ఇష్టం లేదు. "గ్రూప్స్ కోచింగ్‌లో ఉన్నాడన్నా. ఇంకో రెండేళ్లు కష్టపడితే గవర్నమెంటు ఉద్యోగం వస్తది. కంపెనీవాడు ఇయ్యాల పెట్టుకుంటాడు, రేపు పొమ్మంటాడు. రిజర్వేషను ఉందా, పాడా? బాబాసాహెబ్ ఇచ్చిన హక్కు వదులుకుని పరాయివాడి కంపెనీకి చాకిరీ చేయడం ధమ్మమేనా, నువ్వే చెప్పు" అన్నాడు. కుర్రాడు మాట్లాడలేదు. ఫోన్ తీసి ఆ లెటర్ నాకు చూపించాడు, అంతే. ఒప్పుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులు గడువుంది.

అక్కడికక్కడ ఏదో ఒకటి చెప్పేయొచ్చు. కానీ ఆ తండ్రి అడిగింది ఉద్యోగం గురించి ఒక్కటే కాదు, ధమ్మం గురించి కూడా. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

అష్టాంగ మార్గంలో ఐదోది సమ్మా ఆజీవ, అంటే సరైన జీవనోపాధి. బుద్ధుడు గృహస్థులను పని మానేయమని ఎక్కడా చెప్పలేదు. వణిజ్జా సుత్తంలో ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణుల అమ్మకం, మాంసం, మత్తు పదార్థాలు, విషం. అలాగే కోలియుల పట్నమైన కక్కరపత్తలో దీఘజాణు అనే గృహస్థుడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, మేం సంసారులం, పిల్లల మధ్య పడుకునేవాళ్లం, చందనం పూసుకునేవాళ్లం, బంగారం వెండి ముట్టుకునేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి అని అడిగాడు. బుద్ధుడు నవ్వి పంపించలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. మొదటిది ఉట్ఠాన సంపద, అంటే చేసే పనిలో నేర్పు, శ్రద్ధ. ఏ పనిలో? అక్కడే ఆయన ఒక వరుస చెప్తాడు: వ్యవసాయం, వ్యాపారం, పశుపోషణ, విలువిద్య, రాజు కొలువు, లేదా మరేదైనా చేతి విద్య.

ఈ వరుసను మళ్లీ ఒకసారి చూడండి. రాజు కొలువు, అంటే మన భాషలో గవర్నమెంటు ఉద్యోగం, ఆ వరుసలో ఒకటి మాత్రమే. అన్నిటికంటే పైన లేదు. ఆ తండ్రికి నేను మొదట చెప్పింది ఇదే. ఆయనకు నచ్చలేదు.

నచ్చకపోవడానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. రాజ్యాంగం 16(4) అధికరణం కింద వచ్చే రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు కంపెనీకి అది వర్తించదు. బౌద్ధం తీసుకున్న ఎస్సీలకు ఎస్సీ హోదా కొనసాగుతుందని 1990లో చట్టం చేయించుకోవడానికి మనవాళ్లు ఎంత పోరాడారో పెద్దవాళ్లకు గుర్తుంది. అలాంటి హక్కు చేతిలో ఉండగా అది చెల్లని చోటికి పిల్లాడు వెళ్తుంటే తండ్రికి మనసు ఒప్పుతుందా?

ఇక కంపెనీలు పేరు చూసి మనుషుల్ని వడపోస్తాయా అంటే, దానికి ఒక పరిశోధన ఉంది. ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్, పాల్ అటివెల్ కలిసి పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపారు. చదువు, అర్హత సమానమే. తేడా పేరులోనే. కొన్ని అగ్రకులాల పేర్లు, కొన్ని దళితుల పేర్లు, కొన్ని ముస్లింల పేర్లు. దళిత పేరున్న దరఖాస్తులకు తర్వాతి దశకు పిలుపు వచ్చే అవకాశం స్పష్టంగా తక్కువని తేలింది. 2007లో ఆ వ్యాసం అచ్చయింది. ఇంటర్వ్యూలో "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పండి" అని అడుగుతారే, అది కూడా ఉత్త పలకరింపు కాదు. నాన్న ఏం చేస్తారు, ఏ ఊరు, ఏ వీధి అని ఒక్కో మెట్టు దిగుతూ ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతుంది.

అయితే గవర్నమెంటు కొలువులో కులం లేదా? 1917లో బాబాసాహెబ్ అమెరికాలోనూ లండన్‌లోనూ చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. బంట్రోతులు ఆయన బల్ల మీదికి ఫైళ్లు దూరం నుంచి విసిరేవాళ్లు. ఆఫీసులో తాగడానికి నీళ్లు దొరకలేదు. ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. అది రాజు కొలువే కదా. కాబట్టి కులం ఉందా లేదా అని చూసి గవర్నమెంటుకూ కంపెనీకీ మధ్య ఎంచుకోవడం కుదరదు. రెండు చోట్లా ఉంది. ఒకచోట దాన్ని ఎదుర్కోవడానికి చేతిలో రోస్టరు, యూనియను, కమిషను ఉన్నాయి. ఇంకోచోట దాదాపు ఏమీ లేవు. తేడా అక్కడ.

కంపెనీ వల్ల మనకు మంచి జరగలేదా అంటే, జరిగింది. దాచాల్సిన పని లేదు. ఊళ్లో కూలి డబ్బుల కోసం రైతు అరుగు కింద నిలబడి, "రేపు రారా" అనిపించుకున్న తాత ఉన్న ఇంట్లో, నెలాఖరుకు అడక్కుండానే బ్యాంకులో జీతం పడటమంటే చిన్న సంగతి కాదు. నగరం, ఫ్యాక్టరీ మన మనుషుల్ని ఊరి పట్టు నుంచి కొంత విడిపించాయి. ఊరు అంటే ఏమిటో బాబాసాహెబ్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో మొహమాటం లేకుండానే చెప్పారు.

కానీ ఆ ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూద్దాం. ఆనాటి బొంబాయి బట్టల మిల్లులు దేశంలోకెల్లా పెద్ద కంపెనీల్లోవి. వేల మంది మనవాళ్లకు పని ఇచ్చాయి. కానీ నేత ఖాతాలోకి మాత్రం రానివ్వలేదు. జీతం ఎక్కువ ఉండేది అక్కడే. కారణం ఏమిటంటే, కండె మార్చినప్పుడల్లా దారం కొసను నాడె కంతలోంచి నోటితో పీల్చి లాగాలి. మన నోరు తగిలిన నాడెను ఇంకొకరు నోట పెట్టుకోవాల్సి వస్తుందట. అందుకని మనకు వడికే ఖాతా, వాళ్లకు నేత ఖాతా. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ సంగతి కార్మిక నాయకుల ముందు పెట్టి, యజమాని మీద పోరాడే ముందు ఈ తలుపు తెరవండి అని పట్టుబట్టారు. ఎర్ర జెండా పట్టుకున్న చేతులు కూడా ఆ తలుపు తెరవడానికి తొందరపడలేదు.

ఇప్పుడు గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో ఒక అద్దాల మేడలోకి వెళ్లండి. నోటితో పీల్చే నాడె లేదు. కానీ ఎనిమిదో అంతస్తులో బల్లల దగ్గర ఎవరు కూర్చున్నారు, అదే అంతస్తులో బాత్రూం ఎవరు కడుగుతున్నారు? ఆ కడిగే అమ్మ మెడలోనూ ఒక కార్డు ఉంటుంది, రంగు వేరు. ఆమె ఆ కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. కంపెనీ ఇచ్చే దీపావళి బోనస్ ఆమె దాకా రాదు. మీరు ఆ మేడలో పనిచేస్తుంటే ఆమె పేరు మీకు తెలుసా? చాలామందికి తెలియదు. నాకూ నాలుగేళ్లు తెలియలేదు.

నేను కూడా ఒక పెద్ద కంపెనీ అకౌంట్స్ విభాగంలో పద్నాలుగేళ్లు చేశాను. పేరు అనవసరం. చేరిన మొదటి నెలలోనే భోజనాల బల్ల దగ్గర ఒకాయన అడిగాడు, "మీరేమిట్లు?" అని. నేను "మేం బుద్ధిస్టులం" అన్నాను. ఆయన చిరునవ్వుతో "అంతకు ముందు?" అన్నాడు. మన పిల్లలకు ఈ రెండో ప్రశ్న ఎదురవుతుంది, రాసిపెట్టుకోండి. దీక్ష తీసుకున్నామని చెప్తే మొదటి ప్రశ్న ఆగుతుంది గానీ రెండోది ఆగదు. నాకు నోరు పెగల్లేదు. ఏదో ఒక వ్యాపారుల కులం పేరు చెప్పేశాను.

ఆ ఒక్క మాటకు ఎనిమిది నెలలు కాపలా కాయాల్సొచ్చింది. ఎవర్నీ ఇంటికి పిలవలేదు, గోడ మీద బాబాసాహెబ్ ఫోటో ఉంది కాబట్టి. ఒకసారి ఆ కులంవాడే ఇంకొకాయన వచ్చి బంధుత్వాలు ఆరా తీస్తుంటే కాళ్లలో వణుకు పుట్టింది. పంచశీలలో నాలుగోది ముసావాదా వేరమణి, అబద్ధం ఆడకుండా ఉండటం. ప్రతి ఆదివారం అది పలికి, సోమవారం నుంచి శుక్రవారం దాకా దాన్ని మింగేవాణ్ణి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. అభయ రాజకుమార సుత్తంలో బుద్ధుడు తాను మాట్లాడే పద్ధతి చెప్తాడు: నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, అప్పుడు కూడా తగిన సమయం చూసి చెప్తాడు. అంటే నిజమంతా అడిగిన ప్రతివాడికీ అప్పజెప్పాలని లేదు. "అది మీకెందుకండీ?" అనడం అబద్ధం కాదు. "పనికి సంబంధించింది అడగండి" అనడం అబద్ధం కాదు. మౌనం కూడా అబద్ధం కాదు. కొత్తగా చేరిన పిల్లాణ్ణి, "నువ్వు వెళ్లి అందరికీ కులం చెప్పేయ్, అదే ధైర్యం" అని ఎగదోసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ ధైర్యానికి మూల్యం కట్టేది వాడు, వీళ్లు కాదు. అయితే వేరే కులం పేరు చెప్పుకోవడం మాత్రం అబద్ధమే, దానికి సర్దుబాటు లేదు.

నేను తొమ్మిదో నెలలో అక్టోబర్ 14కు సెలవు పెట్టి, కారణం గడిలో ధమ్మదీక్షా దినం అని రాశాను. ఏం జరిగింది? పెద్దగా ఏమీ జరగలేదు. భోజనాల బల్ల దగ్గర ఇద్దరు మెల్లగా చోటు మార్చుకున్నారు. మిగతావాళ్లు మార్చుకోలేదు. ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను, లేదనీ అనలేను. కంపెనీలో కులం సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఊళ్లోలాగా తిట్టదు. రేటింగ్‌లో, ప్రాజెక్టులో, ఎవర్ని విదేశం పంపాలన్న దాంట్లో కలిసిపోయి ఉంటుంది. బహిరంగంగా తిడితే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. రేటింగ్ తగ్గిస్తే ఎవరి దగ్గరికి వెళ్తారు? స్త్రీలపై లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలంటుంది. కుల వేధింపుల విషయంలో ప్రైవేటు కంపెనీకి అలాంటి కమిటీ పెట్టాలన్న చట్టం మనకు లేదు. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. మనవాళ్లు ఎంత దూరం వెళ్లినా "అంతకు ముందు?" అన్న ప్రశ్న వెంట వెళ్లిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇక పని ఏమిటన్నది. నా లెక్కలో కంపెనీ పేరు కంటే ఇది పెద్ద ప్రశ్న. కంపెనీ పెద్దది, జీతం చట్టబద్ధం, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. కానీ సాయంత్రానికి మీ చేతుల మీదుగా జరిగిందేమిటి? 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ సంక్షోభం గుర్తుంది కదా. వాడల్లో ఆడవాళ్లకు ఒకరి మీద ఒకరు అప్పులిచ్చి, వసూలు కోసం ఇంటి ముందు కూర్చుని పరువు తీసి, కొందరు ప్రాణాలు తీసుకునే దాకా వెళ్లింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ ఇళ్ల ముందు కూర్చున్న కుర్రాళ్లు కూడా ఉద్యోగులే, వాళ్లకూ టార్గెట్లు ఉన్నాయి. వాళ్లలో మన పిల్లలు లేరంటారా? ఐదు వ్యాపారాల జాబితాలో అప్పు వసూలు లేదు. అయినా ఎదుటి మనిషి మెడ మీద కాలు పెడితే తప్ప అందని టార్గెట్ సమ్మా ఆజీవ కాదని చెప్పడానికి కొత్త సుత్తం అక్కర్లేదు. అలాగని మరీ వెంట్రుకలు చీల్చకండి. బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తే, ఆ బ్యాంకు సారా కంపెనీకి అప్పిస్తే, నాకు పాపం అంటుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. అలా లాగుతూ పోతే అన్నం వండుకోవడం కూడా కష్టం. ముందు మీ చేతి దగ్గరున్న పని చూసుకోండి.

యజమానికీ పనివాడికీ మధ్య ధమ్మం సిగాలోవాద సుత్తంలో ఉంది. పనివాడి వైపు నుంచి ఐదు: యజమాని కంటే ముందు లేవడం, తర్వాత పడుకోవడం, ఇచ్చినదే తీసుకోవడం, పని బాగా చేయడం, మంచి పేరు తేవడం. ఇక్కడి దాకా యజమానులు సంతోషంగా చదువుతారు. అదే సుత్తంలో యజమాని వైపు నుంచీ ఐదు ఉన్నాయి: శక్తికి తగ్గ పని అప్పగించాలి, తిండీ జీతం ఇవ్వాలి, జబ్బు చేస్తే చూడాలి, రుచైనది దొరికితే పంచాలి, వేళకు వదిలిపెట్టాలి. ఈ చివరిదాన్ని చట్టంగా మార్చడానికి బాబాసాహెబ్ చెమటోడ్చారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో ఎనిమిది గంటల పని కోసం నిలబడ్డారు. 1946 సవరణతో ఫ్యాక్టరీలో వారానికి 54 గంటల పని 48 అయింది. ఈరోజు రాత్రి పదకొండుకు కాల్‌లో కూర్చుని, అదనపు జీతం లేకుండా, "మాది వర్క్ కల్చర్ బావుంటుందన్నా" అనే తమ్ముళ్లకు ఈ సంగతి తెలియాలి. మీ వైపు ఐదు మీరు చేయండి. ఉత్తుత్తి బిల్లు పెట్టి క్యాబ్ డబ్బులు తీసుకోవడం అదిన్నాదానమే, కంపెనీ పెద్దదైనంత మాత్రాన దొంగతనం చిన్నదవదు. కానీ వాళ్ల వైపు ఐదు కూడా అడగండి.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. ఆఫర్ లెటర్‌లో ఆరు లక్షలని ఉంటే నెలకు యాభై వేలు చేతికొస్తాయని ఇంట్లో అనుకుంటారు, అప్పుడే పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ ఆరు లక్షల్లో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనస్ కూడా కలిపి ఉంటాయి. పీఎఫ్‌కు మీ బేసిక్, డీఏల్లోంచి 12 శాతం, కంపెనీ నుంచి 12 శాతం. కంపెనీ మారినప్పుడల్లా దాన్ని తీసి ఖర్చు చేయకండి, కొత్త ఖాతాలోకి మార్చుకోండి. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నాలుగేళ్ల పది నెలలకు కోపంతో రాజీనామా విసిరేసిన వాణ్ణి నేను చూశాను. దీఘజాణుకు చెప్పిన రెండో సంగతి ఇదే, ఆరక్ఖ సంపద, సంపాదించినదాన్ని కాపాడుకోవడం. అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాల్లో అప్పు లేని సుఖం ఒకటి. కంపెనీ ఉద్యోగం వచ్చిన మూడో నెలకే కారు, ఐదో నెలకు ఫ్లాటు, ఇరవై ఏళ్ల ఈఎంఐ. అలా అప్పులో ఉన్నవాడు "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు "అది మీకెందుకండీ?" అనగలడా? అనలేడు. ఉద్యోగం పోతే ఈఎంఐ ఎవడు కడతాడు? ఆరు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్నవాడికి నోరు కాస్త లేస్తుంది. సిగాలుడికి కూడా బుద్ధుడు సంపాదనలో నాలుగో వంతు ఆపదకు దాచుకోమన్నాడు.

అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఒకటి విధికుడు అనే చమ్మకారుడిది, అంటే తోలుపని చేసే మనిషిది. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలక దానం చేశాడు. తన వృత్తి పేరు దాచలేదు. తండ్రి ఉపాధ్యాయుడు కదా, అది ఒక్కటి రాయించుకుని ఊరుకోవచ్చు. రెండూ రాయించాడు. కృష్ణ ఒడ్డున మన నేల మీద దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక మనిషి అలా రాయించుకోగలిగాడు.

ఆ తండ్రి ప్రశ్నకు తిరిగి వస్తాను. గవర్నమెంటు ఉద్యోగంలో భద్రత ఉంది, నిజమే. కానీ ఆయన అనుకుంటున్న పాత పెన్షన్ 2004 సెప్టెంబరు నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు లేదు, అప్పటి నుంచి కాంట్రిబ్యూటరీ పద్ధతే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, కోర్టులో ఎన్నాళ్లుంటుందో ఎవరి చేతుల్లోనూ లేదు. హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ముప్పై దాటి ఇంకా చదువుతున్న మన పిల్లల్ని చూసొచ్చాక నేనైతే చేరమన్నాను. చేరి, పరీక్ష వదలొద్దన్నాను. నోటిఫికేషన్ వస్తే సెలవు పెట్టి రాయమన్నాను. తండ్రి "మరి జాతికి ఏం చేస్తాడు అక్కడ కూర్చుని?" అన్నాడు. 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ల మీద పెట్టుకున్న ఆశ వమ్మైందని బాధపడ్డారు, ఆ మాట మనందరికీ తగలాల్సిందే. కానీ ఇంకా మొదటి జీతం తీసుకోని పిల్లాడి నెత్తిన దాన్ని కర్రలా వేయకండి. ముందు నిలదొక్కుకోనివ్వండి.

కుర్రాడు ఎనిమిదో రోజున లెటర్ మీద సంతకం చేశాడు. తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

వచ్చే ఆదివారం వందన తర్వాత ఉద్యోగంలో ఉన్నవాళ్లు మీ పే స్లిప్ తీసుకురండి. పేరు, కంపెనీ కనబడకుండా మడత పెట్టుకోండి. పీఎఫ్ గడి, గ్రాట్యుటీ గడి, కోత ఎక్కడ పడిందో కలిసి చదువుదాం. హౌస్ కీపింగ్‌లో, సెక్యూరిటీలో కాంట్రాక్టరు కింద చేసేవాళ్లు తప్పకుండా రండి. మీ స్లిప్పులు ముందు చూద్దాం. ఆ తండ్రీకొడుకులు కూడా వస్తామన్నారు.